మైనమా, కారు పుట్టీయా?

డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఒక ఇంటి గ్యారేజీ. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఎనిమిదడుగుల పూల్ (బిలియర్డ్స్ లాంటి ఆట) టేబుల్‌ని బావా బావమరిదీ కలిసి బిగిస్తున్నారు. చట్రం మీద మూడు రాతి పలకలు పరిచారు. ఒక్కోటి అంగుళం మందం, ఇద్దరు మోస్తే నడుం పట్టేసే బరువు. పలకల మధ్య రెండు అతుకులున్నాయి. పైన గుడ్డ బిగించాక అవి మనకి కనిపించవు గానీ, బంతికి కనిపిస్తాయి. వాటిని దేనితో పూడ్చాలన్న దగ్గర పని ఆగిపోయింది.

బావ: ఇందులో ఆలోచించడానికి ఏముందిరా? కారుకి సొట్ట పడితే పూస్తారే, ఆ పుట్టీ. ఇక్కడ అందరూ బాండో అంటారు. హార్డెనర్ కలిపితే ఐదు నిమిషాల్లో బిగుసుకుంటుంది. అరగంట ఆగి సాండ్‌పేపర్ కొట్టుకుంటే అయిపోయె. నువ్వేమో కరెంటు పోయినప్పుడు వెలిగించే కొవ్వొత్తి పెడతానంటావు!

బావమరిది: కొవ్వొత్తి కాదు బావా, తేనెమైనం. కొవ్వొత్తిలో ఉండేది పారఫిన్. దానికి రాయిని పట్టుకునే జిగురుతనం తక్కువ. టేబుల్ మెకానిక్‌లు చాలామంది వాడేది తేనెమైనమే.

బావ: వాళ్ళు వాడేది ఏసీ గదుల్లో. జూలైలో మన గ్యారేజీ సంగతి తెలుసా? ఆవకాయ జాడీ ఇక్కడ పెడితే ఆవకాయే అలిసిపోతుంది. మీ మైనం మెత్తబడి లొత్త పడదూ?

బావమరిది: అది కరగాలంటే 62 డిగ్రీలు దాటాలి. అంతకు ముందే మెత్తబడుతుంది, ఒప్పుకుంటా. కానీ అతుకు వెడల్పెంత బావా, దారం మందం. అంత సందులో ఇరుక్కున్న మైనం ఎక్కడికని పోతుంది?

బావ: విజయవాడలో నేనాడిన క్లబ్బులో పన్నెండడుగుల స్నూకర్ టేబుల్ ఉండేది. అయిదు పలకలు. మిస్త్రీ వచ్చి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూసి వెళ్ళాడు. ఏళ్ళ తరబడి ఆడాం, ఎవడూ మైనం ఊసెత్తలేదు.

బావమరిది: స్నూకర్ లెక్క వేరు. పెద్ద టోర్నమెంట్లలో పలకల కింద హీటర్లు కూడా పెడతారు, అక్కడ మైనం నేనూ వద్దంటా. పైగా ఆ టేబుల్ పెట్టిన చోటే ఉంటుంది. మీరు ఎనిమిదేళ్ళలో నాలుగిళ్ళు మారారు.

(ఇది తగలాల్సిన చోటే తగిలింది. బావ కాసేపు మాట్లాడలేదు.)

బావమరిది: ఇలా రండి, ఈ అంచు తడిమి చూడండి. ఇదివరకు ఎవరో పుట్టీయే పెట్టారు. విప్పేటప్పుడు అది రాయిని వదల్లేదు, రాయే పెచ్చుగా ఊడొచ్చింది. బొటనవేలు పట్టేంత గుంట. ఈ పాత పుట్టీ గీకడానికే నాకు నిన్నంతా పట్టింది. మైనమైతే కాస్త వేడి చూపిస్తే చాలు, అతుకు దానంతటదే విడిపోతుంది.

బావ: సరే, మరి ఈ గుంట సంగతేంటి? ఇందులోనూ మైనమేనా? ఎవడో ఒకడు బంతిని ఎగరేసి కొడతాడు, అది వచ్చి ఇక్కడే పడుతుంది. అప్పుడు?

బావమరిది: ...గుంటకి పుట్టీయే.

బావ: ఆఁ, ఇప్పుడొచ్చావు దారికి!

బావమరిది: గుంట వరకే బావా. అదీ పలకలు విడిగా ఉన్నప్పుడే పూసి, అంచు సాఫు చేసి, ఆ తర్వాత కలపాలి. అతుకు దాటి అవతలి పలకకి అంటుకుందంటే మళ్ళీ ఇదే గొడవ. కలిపాక సందులోకి మాత్రం మైనం. ముందు గ్యాస్ టార్చ్ మంటతో రాయిని వెచ్చబెట్టాలి. చల్లటి రాయి మీద పోస్తే పైపైనే గడ్డకట్టి లోపలికి దిగదు. చల్లారితే ముడుచుకుంటుంది కాబట్టి కాస్త పొంగేలా పొయ్యాలి. గట్టిపడ్డాక బ్లేడు రాతికి ఆనించి గీకితే చుట్టలు చుట్టలుగా లేచొస్తుంది.

బావ: అంతా బాగానే ఉంది. మరి అవతలి పలక ఇవతలి దానికన్నా ఒక పిసరు ఎత్తుంది, చూశావా? దానికి నీ మైనం ఏం చేస్తుంది? పుట్టీ అయితే ఒక జానెడు వెడల్పున సాగదీసి వాలు చేసి పారేయొచ్చు.

బావమరిది: నా భయం సరిగ్గా అదే. పుట్టీ చేతిలో ఉంటే మట్టం చెయ్యాలన్న బాధే ఉండదు మనిషికి. వరల్డ్ పూల్-బిలియర్డ్ అసోసియేషన్ నిబంధనల్లో అతుకు దగ్గర ఎత్తులో తేడా 0.005 అంగుళం లోపు ఉండాలని ఉంది. పేకముక్క మందంలో సగం కూడా కాదు. ఆ వాలు మీద మెల్లగా దొర్లే బంతి పక్కకి తిరుగుతుంది, అప్పుడు మీరే నా ఆట బాగాలేదంటారు.

(బావ లోపలికెళ్ళి రమ్మీ పేకముక్కల కట్టతో వచ్చాడు. జోకర్ తీసి రాతి మీద పడుకోబెట్టి, అతుకు వైపు మెల్లగా తోశాడు. మొదటి అతుకు మీదుగా ఇట్టే జారిపోయింది. రెండో అతుకు దగ్గర టక్కున ఆగింది.)

బావ: ఏ మూల?

బావమరిది: మీ వైపే. ఇవతలి పలక దిగింది. ఆ స్క్రూ వదులు చేసి చట్రానికీ పలకకీ మధ్య సన్నటి చెక్క పీలిక దూర్చాలి. నేను రసమట్టం చూస్తుంటా.

బావ: సరేలే, ఆ టార్చ్ ఆపు ముందు. పీలిక ఇటివ్వు. ఇది కాదు, దీనికన్నా సన్నది.