పోల్నబ్రోన్ బలిపీఠం కాదు, సమాధి

ఐర్లాండ్ పశ్చిమాన, క్లేర్ కౌంటీలోని బర్రెన్ సున్నపురాతి నేల మీద నిలిచి ఉన్న పోల్నబ్రోన్ రాతికట్టడం ఫోటోతో పాటు ఒక సందేశం విస్తృతంగా ప్రచారంలో ఉంది. అది డ్రూయిడ్లనే ప్రాచీన కెల్టిక్ పూజారులు నరబలులిచ్చిన పీఠమనీ, దాని పేరుకు అర్థమే ‘దుఃఖాల గుంత’ అనీ, అంత బండను మనుషులు ఎత్తడం అసాధ్యమనీ దాని సారాంశం. ఈ మూడింటిలో ఒక్కటీ నిలవదు.

డ్రూయిడ్ల గురించి మనకు తెలిసినదంతా క్రీ.పూ. 1వ శతాబ్దపు జూలియస్ సీజర్ వంటివారి రాతల నుంచి, ఇంకా తర్వాతి ఐరిష్ గ్రంథాల నుంచి వచ్చినదే. ఈ కట్టడంలో ఎముకలు చేరినది క్రీ.పూ. 3800, 3200 మధ్య. నడుమ ఉన్న ఎడం వేల సంవత్సరాలది.

పేరు విషయంలో జరిగినది వ్యాకరణపు పొరపాటు. ఐరిష్‌లో ‘బ్రోన్’ అంటే దుఃఖం, నిజమే; కానీ తిరగలిని చెప్పే ‘బ్రో’ అనే మాటకు షష్ఠీ విభక్తి రూపం కూడా ‘బ్రోన్’. కాబట్టి అది తిరగలిరాతి గుంత.

పైబండ బరువు సుమారు 5 టన్నులు. చుట్టూ పొరలు పొరలుగా పరచుకున్న సున్నపురాయే అది. తాళ్ళు, దుంగలు, తగినంతమంది మనుషులు ఉంటే కదిలే బరువే. తెలంగాణ పల్లెల్లోనూ ఇటువంటి సమాధులను రాక్షసగుళ్ళన్నారు. బండ బరువు చూసి కథ అల్లడం ఐర్లాండ్‌కే పరిమితమైన అలవాటు కాదు.

ఇక బలిపీఠం సంగతి. నాలుగు మీటర్ల ఆ బండ నిలువెత్తు రాళ్ళ మీద వెనక్కి వాలి ఉంటుంది. దాని మీద ఎవరినైనా పడుకోబెట్టాలంటే నిచ్చెన వేసుకోవాలి, వేసుకున్నా ఏటవాలు తప్పదు. అసలు విషయం బండ కింద ఉంది. 1985లో ఒక నిలువురాయి పగులిచ్చిందని గమనించాక, మరమ్మతుతో పాటు పురావస్తు శాస్త్రవేత్త ఆన్ లించ్ 1986, 1988లలో జరిపిన తవ్వకాల్లో ఆడా మగా పిల్లలూ కలిపి 30 మందికి పైగా మనుషుల ఎముకలు, నునుపు పెట్టిన రాతిగొడ్డలి, ఎముకతో చేసిన పతకం, స్ఫటికాలు దొరికాయి. ఒక పురుషుని తుంటి ఎముకలో ఆయుధపు మొన విరిగి ఉండిపోయింది. బలివాదులు దీన్ని చూపవచ్చు గాని, విసిరిన ఆయుధం చెప్పేది కొట్లాటను, పూజను కాదు. 2020లో వెలువడిన డి.ఎన్.ఎ. పరిశోధన ఆ ఎముకల్లో డౌన్ సిండ్రోమ్ ఉన్న ఒక మగశిశువును గుర్తించింది. తల్లిపాలు తాగి పెరిగిన ఆ బిడ్డను తక్కినవారితో పాటు అక్కడే ఉంచారు. వెయ్యేళ్ళకు పైగా గడిచాక, కంచుయుగంలో, మరెవరో ఒక పురిటిబిడ్డను తెచ్చి ఆ గుమ్మం దగ్గరే పాతిపెట్టారు. అప్పటివారు కూడా దాన్ని సమాధిగానే ఎరిగినట్టు కనిపిస్తుంది.