గుమ్మం దగ్గర ఆగిపోయిన దేవుడు

కొనేవాడే దేవుడని వ్యాపారులందరూ ఒప్పుకుంటారు. ఏ దేవుడన్నది మాత్రం గోడ మీది బోర్డు తేలుస్తుంది: ‘ప్రవేశం కల్పించే హక్కు యాజమాన్యానిదే.’ దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. ఇక్కడ పూజారి ఇంకో మెట్టు పైకెక్కి దేవుణ్ణే గుడి బయట నిలబెట్టాడు. ఇంత గొప్ప హక్కుకు లోకంలో రావలసినంత గౌరవం రాలేదన్నది నా బాధ. అందుకే ఈ వకాల్తా.

ముందుగా ఒక అపోహ తొలగించాలి. తాగి తూలుతూ వచ్చినవాణ్ణి, డబ్బివ్వనివాణ్ణి, పక్కవాడి మీద చెయ్యి చేసుకున్నవాణ్ణి బయటికి పంపడానికి ఈ బోర్డు అక్కర్లేదు. అది లేకపోయినా చట్టం సాధారణంగా అడ్డు చెప్పదు. మనిషి చేసిన పని చూసి కాదనడం ఎవరికైనా చేతనవుతుంది. ఏ పనీ చేయకముందే, గుమ్మంలో అడుగు పెట్టీపెట్టగానే, పుట్టుక చూసి కాదనగలగడం ఉందే, అదీ విద్య! పాడు చట్టాలు సరిగ్గా ఆ విద్య మీదే పడ్డాయి. భారత రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాల్లో, హోటళ్లలో, వినోద స్థలాల్లో మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం పేరు చెప్పి ఎవరినీ అడ్డుకోరాదంది. దుకాణం అంటే ఏమిటని రాజ్యాంగ సభలో ప్రశ్న వస్తే, వచ్చి అడిగినవారికి సేవ చేయడానికి సిద్ధపడి కూర్చున్న చోటల్లా దుకాణమేనన్న అర్థంలో అంబేడ్కర్ జవాబిచ్చారు. ఒక్క మాటతో దొడ్డిదారులన్నీ మూసేశారు. తోటి న్యాయవాదుల జీవనోపాధి గురించి ఆయన కాస్తయినా ఆలోచించలేదు.

అమెరికా యజమానులు అంత తేలిగ్గా లొంగలేదు. 1964లో పౌరహక్కుల చట్టం రాగానే అట్లాంటాలో 216 గదుల మోటెల్ నడిపే పెద్దమనిషి కోర్టుకెక్కాడు. నల్లవారికి గది ఇమ్మని తనను బలవంతపెట్టడం వెట్టిచాకిరీ కిందికి వస్తుందన్నాడు. అందుకు బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ రాజ్యాంగ సవరణనే అండగా తెచ్చుకున్నాడు. బానిసల సంకెళ్లు తెంచిన వాక్యాన్ని వారి మనవల ముఖాన తలుపు వేయడానికి వాడుకున్న ఆ ప్రతిభను మెచ్చుకునే రసికత సుప్రీంకోర్టుకు లేకపోయింది. తొమ్మిదిమందీ ఒక్కమాటగా కొట్టేశారు. అదే రోజు అలబామా భోజనశాల కేసూ తేలింది. అక్కడ నల్లవారు పొట్లం కట్టించుకుపోవచ్చు, కూర్చుని తినకూడదు. చట్టానికి పునాది అంతర్రాష్ట్ర వాణిజ్యం కనుక, వంటింట్లోని మాంసం ఎక్కడి నుంచి వచ్చిందన్నది ముఖ్యమైంది. బయటి రాష్ట్రం నుంచి వచ్చిందని తేలాక తలుపు తెరుచుకుంది. మనిషి గౌరవం మాట అటుంచితే, ప్రయాణం చేసిన మాంసం మాత్రం కేసు గెలిపించింది.

ఇంగ్లండులో సత్రం యజమాని, గది ఖాళీగా ఉంటే, బాటసారిని కారణం లేకుండా కాదనకూడదన్నది పాత న్యాయం. అయినా 1943లో వెస్టిండీస్ క్రికెటర్ లియరీ కాన్‌స్టంటైన్‌ను లండన్ హోటల్ ఒక్క రాత్రికి మించి ఉండనివ్వనంది. అక్కడ దిగిన అమెరికన్లు నొచ్చుకుంటారట. యజమాని గొప్పతనం ఇక్కడే ఉంది చూడండి. ఆయనకు స్వయంగా ఎవరి మీదా ద్వేషం ఉండదు. ఇతరుల ద్వేషాన్ని మర్యాదగా చేరవేసే తపాలా ఉద్యోగం మాత్రమే ఆయనది. కాన్‌స్టంటైన్ దావా వేసి గెలిచారు. చేతికొచ్చిన పరిహారం ఐదు గినీలు, అంటే ఐదు పౌండ్ల పైన కాస్త చిల్లర.

ఇటీవల పోరాటం కేకుల మీదికి మళ్లింది. స్వలింగ వివాహాన్ని సమర్థించే వాక్యం కేకు మీద రాయనన్న బేకరీ కాదన్నది వాక్యాన్నే గానీ మనిషిని కాదని 2018లో బ్రిటన్ సుప్రీంకోర్టు అంది. ఇది నిజంగానే చిక్కు ప్రశ్న. అడిగిన నినాదమల్లా రాసి తీరాలంటే నేనూ ఒప్పుకోను. కానీ 2023లో అమెరికా కోర్టు పెళ్లి వెబ్‌సైట్లు చేసే డిజైనర్‌కు భావప్రకటన పేరిట ఇలాంటి వెసులుబాటే ఇచ్చాక, తమ పనిలోనూ కళ తొణికిసలాడుతోందని ఎంతమందికి హఠాత్తుగా జ్ఞానోదయం అవుతుందో! రేపు తాళాలు బాగుచేసేవారు కూడా ప్రతి తాళంలోనూ తమ ఆత్మ ఉందంటారు.

అసలు కారణం నోటి వెంట రానివ్వని నేర్పులో మాత్రం కెనడాకు సాటి లేదు. 1946లో నోవాస్కోషియాలో వయోలా డెస్మండ్ అనే నల్లజాతి వ్యాపారవేత్త సినిమాకు వెళ్లి కింది అంతస్తులో కూర్చున్నారు. నల్లవారి చోటు బాల్కనీ. టికెట్ తేడా ఇస్తానన్నా తీసుకోలేదు. ఈడ్చుకెళ్లి రాత్రంతా నిర్బంధించారు. కేసులో రంగు ఊసే లేదు. రెండు టికెట్ల మధ్య వినోదపు పన్నులో ఒక సెంటు తేడా ఉందట, ఆమె అది ఎగ్గొట్టారట! ఇవ్వబోతే పుచ్చుకోని సెంటుకు జరిమానా పడింది. క్షమాభిక్ష 2010లో వచ్చింది, ఆమె కన్నుమూసిన 45 ఏళ్లకు. 2018లో పది డాలర్ల నోటు మీదికి ఆమె బొమ్మ ఎక్కింది. ఇప్పుడు అక్కడి యజమాని ఎవరైనా ఆమెను తన చేత్తోనే అందుకుని, గల్లాపెట్టెలో మంచి చోటు చూసి కూర్చోబెట్టాలి. కాదనాలనుకుంటే కాదనవచ్చు. పది డాలర్లు పోతాయి, అంతే.