గురి మాట దేవుడెరుగు, మోత ముఖ్యం

1914 సెప్టెంబరులో, జెప్పెలిన్లనే జర్మన్ గ్యాసు వాయునౌకల నుంచి లండన్ ఆకాశాన్ని కాపాడే పని బ్రిటిష్ నౌకాదళం నెత్తిన పడింది. సైన్యం ఫ్రాన్స్‌లో తలమునకలుగా ఉంది మరి. ఆకాశమూ నీలమే, సముద్రమూ నీలమే, కాబట్టి శాఖ ఎంపికలో తప్పు పట్టడానికేమీ లేదు.

పద్ధతి సులువు. ఓడ మీది ఫిరంగిని దించి, దిమ్మె మీద బిగించి, మూతి పైకి తిప్పాలి. చిన్న చిన్న చిక్కులుంటాయి, పట్టించుకోకూడదు. అడ్డంగా కాల్చడానికి పుట్టిన ఫిరంగి అది. మూతి నిక్కిస్తే, పేలగానే వెనక్కి తన్నే గొట్టం నేలను గుద్దుతుంది. సరే అని ఇరుసు ఎత్తు పెంచారనుకోండి, మూతి దించినప్పుడు గుండు పెట్టేవాడికి వెనక భాగం అందదు. తన్నిన గొట్టాన్ని స్ప్రింగులు మళ్లీ తోయాల్సింది ఇప్పుడు ముందుకు కాదు, ఎగువకు. స్ప్రింగు మెత్తనైతే గొట్టం సగం దారిలో అలిగి కూర్చుంటుంది.

ఇక పామ్-పామ్ అనే చిన్న ఫిరంగి. 37 మిల్లీమీటర్ల నోరు, సుమారు 450 గ్రాముల గుండు. గట్టిదానికి తగిలితేనే పేలుతుంది. జెప్పెలిన్ ఒళ్లేమో గుడ్డ! గుండు ఇటు దూరి అటు వెళ్లిపోతుంది. ఆ తర్వాత? ఆకాశం మీద ఉమ్మితే ఎక్కడ పడుతుందో అక్కడే. శత్రువు బాంబు వేయడం మరిచిన వీధులకు మనమే లోటు తీర్చే ఏర్పాటన్నమాట.

పెద్ద ఫిరంగుల గుండ్లకు టైం ఫ్యూజులుండేవి, అంటే దేనికీ తగలకపోయినా పెట్టిన గడువుకు గుండును పేల్చే వత్తులు. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి, ఫ్యూజులోని మందు నత్తనడకన కాలేది, ఒక్కోసారి ఆరిపోయేది కూడా. పైగా గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే జెప్పెలిన్, గుండు గాలిలో ఉన్న పది సెకన్లలో 220 మీటర్లు జరిగిపోతుంది. ఎల్ 13 అనే జెప్పెలిన్ పొడవేమో 163 మీటర్లు. ముక్కుకు గురిపెడితే, గుండు చేరేసరికి అక్కడ తోక కూడా ఉండదు.

1915 సెప్టెంబరు 8న అదే ఎల్ 13 లండన్‌ను తగలబెట్టి సురక్షితంగా ఇంటికి చేరింది. వెంటనే నౌకాదళంలో ఫిరంగుల నిపుణుడైన సర్ పెర్సీ స్కాట్‌కు లండన్ ఫిరంగుల పెత్తనం ఇచ్చారు. ఆయన వస్తూనే పామ్-పామ్‌లు పనికిరావని తేల్చి, పారిస్ నుంచి మోటారు బండి మీద కదిలే 75 మిల్లీమీటర్ల ఫిరంగిని తెప్పించాడు.

నిపుణులతో వచ్చే తలనొప్పే ఇది. పామ్-పామ్ మోతకు ఊరికి ఎంత ధైర్యం! వాటిని తీసేయక్కర్లేదు. గుండు లేకుండా మందు మాత్రం దట్టించి కాల్చుకుంటే చాలు. మోత అంతే ఉంటుంది, నెత్తిన ఏదీ పడదు, జెప్పెలిన్‌కు తేడా ఎలాగూ తెలియదు.