శ్రీయుత క్లాసిక్ గారికి, ఫ్రెంచి బొమ్మల గొడవ గురించి

అయ్యా,

ఫ్రాన్స్‌లో కామిక్స్ వేసేవాళ్లు మీ పరువు తీస్తున్నారన్న మీ ఫిర్యాదు చూశాను. న్యాయమే. పట్టుగుడ్డలో చుట్టి పై అరలో పెట్టాల్సిన మీలాంటి పాత మహారచనల్ని కిందికి లాగి పిల్లకాయల చేతికిచ్చారు.

క్లియోపాత్రా సంగతే చూడండి. 1963లో హాలీవుడ్ ఆవిడ మీద సినిమా తీసింది. ఎలిజబెత్ టేలర్, బంగారు దుస్తులు, స్టూడియో కుదేలయ్యేంత ఖర్చు. ఆ హడావిడి చల్లారకముందే కథ రాసే గొసిన్నీ, బొమ్మలేసే ఉదెర్జో తమ కామిక్స్ వీరుడు ఆస్టరిక్స్‌ని ఈజిప్టుకి తోలేశారు. 1965లో వచ్చిన ఆల్బమ్ (బొమ్మల కథల పుస్తకం) అట్ట మీద, అచ్చం సినిమా పోస్టర్ ఫక్కీలో, ఖర్చుల పద్దు వేశారు: 14 లీటర్ల ఇండియన్ ఇంకు, 30 కుంచెలు, 62 మెత్తటి పెన్సిళ్లు, గట్టిది మాత్రం ఒక్కటే, 27 రబ్బర్లు, 38 కిలోల కాగితం... చివర్లో 67 లీటర్ల బీరు. నిర్మాతల గొప్పల మీద ఇంతకంటే చవగ్గా పడ్డ దెబ్బ నేను చూడలేదు.

లోపల ఇంకా ఘోరం. ఆస్టరిక్స్ నేస్తం ఒబెలిక్స్ ముచ్చటపడి స్ఫింక్స్ అనే పెద్ద రాతి విగ్రహం ఎక్కుతాడు, ముక్కు ఊడిపడుతుంది. కింద బొమ్మలమ్మేవాళ్లు క్షణం ఆలస్యం చెయ్యకుండా తమ చిన్న స్ఫింక్స్‌లకీ ముక్కులు ఊడగొట్టేస్తారు. (వ్యాపారం మరి!) క్లియోపాత్రా ముక్కు పొట్టిదైతే లోకం తీరే మారేదన్న ఫ్రెంచి తత్వవేత్త పాస్కల్‌నీ వదల్లేదు. కథంతా ఆవిడ ముక్కు భజనే.

ఇక గోత్లిబ్ అనే ఫ్రెంచి కార్టూనిస్టు. 1968 నుంచి ‘పిలోత్’ పత్రికలో న్యూటన్ లాంటి పెద్దమనిషిని ఆటపట్టించాడు. బొమ్మ మూలన ఒక అక్షింతల పురుగు, కథతో సంబంధం లేకుండా తన గోల తనది. తర్వాత అలెక్సిస్ అనే మరో చిత్రకారుడితో కలిసి ‘సినేమాస్టాక్’ పేరుతో పాత సినిమాలనూ సాహిత్యాన్నీ పట్టుకున్నాడు. అలెక్సిస్ మరీ ప్రమాదకరమైన మనిషి. నవ్వు రాకూడదన్నంత శ్రద్ధగా గీస్తాడు, అందుకే ఆపుకోలేం.

కోర్టుకి వెళదామంటారా? అక్కడా చుక్కెదురే. 1957 నాటి ఫ్రెంచి కాపీరైట్ చట్టం నుంచీ ఉన్న నియమం ప్రకారం, పేరడీ ప్రక్రియ మర్యాదలు పాటించినంతకాలం దాన్ని మూల రచయిత అడ్డుకోలేడు. వీళ్ల చేతికి చిక్కిన మరో పెద్దమనిషి, ఫ్రెంచి మహాకవి విక్టర్ హ్యూగోకైతే కాపీరైట్ గడువు కూడా ఎప్పుడో తీరిపోయింది.

అసలు నేరం నాకు వేరే కనిపిస్తోంది. ఈ అల్లరి మూక మిమ్మల్ని పూర్తిగా చదివింది! ఆస్టరిక్స్ బెల్జియం వెళ్లిన ఆల్బమ్‌లో నెపోలియన్ ఓడిన వాటర్లూ యుద్ధం మీద హ్యూగో రాసిన పద్యాన్ని, నడక చెడకుండా, అక్కడి ‘వాటర్‌జోయ్’ అనే పులుసు మీదికి మళ్లించారు. పద్యం నోటికి రానివాడికి ఆ జోకు సగమే అందుతుంది. మిమ్మల్ని పొగిడే సభల్లో మీ రెండో పేజీ దాటినవాళ్లు ఎంతమందో కనుక్కుని చెప్పండి, వాళ్లనే సాక్షులుగా పిలుద్దాం.

ఇంకో చిన్న మాట. మీ పక్క అరలో ఉండే మహాకావ్యం గారు నిన్న రహస్యంగా కబురంపారు. ఆయన్ని ఇంతవరకూ ఎవరూ వెక్కిరించలేదట. ఆ గోత్లిబ్ శిష్యులెవరైనా ఖాళీగా ఉన్నారేమో కనుక్కోమంటున్నారు.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి