పన్నెండేళ్లు కౌలుకిస్తే పొలం పోతుందా?

"ఒకే రైతుకు పన్నెండేళ్లు కౌలుకిస్తే పొలం అతనిదైపోతుంది. సుప్రీంకోర్టు చెప్పేసింది. కౌలు కార్డుకు సంతకం పెట్టొద్దు, కాగితం రాయొద్దు, ఏటా రైతును మార్చండి." తొలకరి ముందు మా బంధువుల గ్రూపులో ఈ మెసేజ్ తిరగని ఏడాది లేదు.

ముందు ఆ తీర్పు సంగతి. అది 2019 ఆగస్టు 7న వచ్చిన రవీందర్ కౌర్ గ్రేవాల్ కేసు. ముగ్గురు జడ్జీల ధర్మాసనం, వాళ్లలో ఒకరు తర్వాత ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వచ్చిన అబ్దుల్ నజీర్. పరాయి భూమిని హక్కుదారుకు వ్యతిరేకంగా, బాహాటంగా, ఆగకుండా పన్నెండేళ్లు అనుభవించినవాడు తనంతట తానే దావా వేయొచ్చా, లేక తన మీద దావా పడ్డప్పుడే ఆ మాట చెప్పుకోవాలా అన్నది అక్కడి ప్రశ్న. వేయొచ్చన్నారు. అంతే. పన్నెండేళ్ల గడువు 1963 కాలపరిమితి చట్టంలో ఎప్పటినుంచో ఉన్నదే.

అసలు కీలకం "వ్యతిరేకంగా" అన్న మాటలో ఉంది. కౌలు రైతు మీరు దిగమంటేనే పొలంలోకి దిగాడు. ఏటా బస్తాలు కొలుస్తున్నాడంటే ఆసామి మీరేనని ఏటా ఒప్పుకుంటున్నట్టే. కౌలు నడుస్తుండగా ఆసామికి హక్కే లేదని వాదించడానికి సాక్ష్య చట్టం ఒప్పుకోదు. ఇరవై ఏళ్లు చేసినా అంతే. కౌలు రద్దయ్యాక కూడా ఖాళీ చేయకపోతే మాత్రం పన్నెండేళ్లలోపు దావా వేసుకోవాలి. ఆ లెక్క మొదలయ్యేది రద్దయిన రోజు నుంచి, రైతు నాగలి పట్టిన రోజు నుంచి కాదు.

కౌలు రైతుకు పంట రుణం, పరిహారం అందడానికి ప్రభుత్వం ఇచ్చే కార్డంటే ఉన్న భయానికి కొంత చరిత్ర ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సాగుదారుల కోసం వచ్చిన 2011 చట్టం కింద రుణ అర్హత కార్డుకు ఆసామి ఒప్పుకోలు అవసరం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 పంట సాగుదారుల చట్టం దాన్ని మార్చింది. ఆ చట్టం కింద ఆసామి సంతకం లేనిదే కార్డు రాదు, ఒప్పందం 11 నెలలకే, హక్కు పంట మీదే. మా చిన్నాన్న ఈ మెసేజ్ నమ్మి సంతకం పెట్టలేదు. కోతల ముందు వానకు చేను పడిపోతే పరిహారం ఆయన ఖాతాలో పడింది, నష్టపోయిందేమో రైతు. చిన్నాన్న ఆ డబ్బు తీసుకెళ్లి రైతుకిచ్చేశాడు లెండి. అందరు ఆసాములూ ఇస్తారా?

కాగితం రాయొద్దనడం మరీ విడ్డూరం. రేపు కోర్టుకెక్కితే "నేను కౌలుకిచ్చాను" అని నిరూపించుకోవాల్సింది మీరే. హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో కూర్చుని, కాగితమూ రశీదూ లేకుండా ఏం చూపిస్తారు? ఇక ఏటా మార్చే రైతు మీ పొలానికి పశువుల ఎరువు తోలడు, ఎందుకు తోలాలి?

భయమంతా గాలిలోంచి పుట్టిందనను. తెలంగాణలో 1950 కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారులుగా రికార్డుకెక్కినవాళ్లు అందులోని 38-ఇ సెక్షన్ సర్టిఫికెట్లతో నిజంగానే యజమానులయ్యారు. కానీ అది ఆనాటి రిజిస్టర్లలో ఉన్నవాళ్ల సంగతి. నిన్న కౌలుకు తీసుకున్న రైతు ఆ జాబితాలోకి ఎక్కలేడు. పాత పహాణీలో పీటీ (రక్షిత కౌలుదారు) అని పేరున్న భూమి విషయంలో జాగ్రత్త పడాల్సింది కొనేవాళ్లు, కౌలుకిచ్చేవాళ్లు కాదు.