సవరణ: ఆవిడ నర్సు కాదు
వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో మా అమ్మను చూసుకుని, ఈమధ్యే కన్నుమూసిన ఆవిడ గురించి నిన్న రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి. ఆవిడను నర్సు అన్నాను. కాదు, కేర్‌గివర్. ఇంజెక్షన్లు, మందులు నర్సులు చూసేవారు. స్నానం, తిండి, పక్క మార్చడం అన్నీ ఈవిడే.

రెండోది, మంచాన పడ్డ అమ్మను 4 గంటలకోసారి పక్కకు తిప్పేవారని రాశాను. 2 గంటలకోసారి అని చెల్లి గుర్తుచేసింది. లేకపోతే ఒత్తిడికి పుండ్లు పడతాయి. తిప్పేముందు అరచేతులు రుద్దుకుని వెచ్చచేసుకునేవారు, చల్లటి చెయ్యి తగిలితే అమ్మ ఉలిక్కిపడుతుందని. తర్వాత పిక్కల కింద దిండు పెట్టి, మడమలు పరుపుకు తగలకుండా చూసేవారు. ఇదసలు రాయనేలేదు, నా మతిమరుపు! పోస్టులో రెండూ సరిచేశాను.