చంక దించకండి తల్లీ

ఈ వారంలో ఈ వాట్సాప్ మెసేజ్ రావడం ఇది నాలుగోసారి. మొదట మా పిన్ని, తర్వాత వదిన, ఆ తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపు, నిన్న మళ్లీ పిన్నే. ‘జాకెట్ ఇంట్లోనే కుట్టుకుంటున్నారా? ఫిట్టింగ్ తేడా వస్తే ఆరు చిట్కాలు. పదిమందికీ పంపండి.’ పంపేశారు. ఇక ఒక్కో చిట్కాకీ జవాబు రాయడానికి నేను కూర్చోక తప్పలేదు.

‘ఛాతీ కొలత ఒక్కటి ఉంటే చాలు, మిగతావన్నీ లెక్క కట్టుకోవచ్చు.’ నాకూ మా ఆడపడుచుకీ ఛాతీ 36. తన జాకెట్ నేను వేసుకుంటే వీపు పట్టేసి చేతులు ముందుకు చాపలేను. నాది తను వేసుకుంటే ముందు హుక్కులు అందవు. టేపు చుట్టూ తిరిగొచ్చి 36 అంటుంది, అందులో వీపు వాటా ఎంతో, ముందు వాటా ఎంతో చెప్పదు.

‘లైనింగ్ తడపక్కర్లేదు, ఇస్త్రీ చాలు.’ ఒక్క ఉతుకు ఆగండి. లోపలి కాటన్ కుంచించుకుపోయి పై గుడ్డంతా బుడగలు.

‘మంగళవారం కత్తెర పట్టొద్దు.’ సరే, బుధవారం తప్పుగా కత్తిరిద్దాం.

‘పక్కల్లో గుడ్డ మిగల్చకండి, లావుగా కనిపిస్తారు.’ మన టైలర్లు పక్కల లోపల గుడ్డ దాచి వరసగా రెండు మూడు కుట్లు వేసేది పని లేక కాదు. దసరాకి పట్టిన జాకెట్ సంక్రాంతికి పట్టకపోతే ఒక కుట్టు విప్పుకోవడానికి.

ఇక అసలుది. ‘చెయ్యి పైకి లేవట్లేదా? చంక దగ్గర ముడతలా? చంక అంగుళం లోతుగా కత్తిరించండి, ఫ్రీ అయిపోతుంది.’

ఇది రాసిన మహానుభావులెవరో ఆ జాకెట్ వేసుకుని ఒక్కసారి అటక మీద డబ్బా దించి చూపించాలి. చంక దించితే చేతి కుట్టు పక్కటెముకల మీదికి దిగుతుంది. చెయ్యి లేపగానే పక్క గుడ్డను పట్టుకుని జాకెట్ మొత్తాన్ని పైకి లాగుతుంది. చంక పైన, ఒంటికి దగ్గరగా ఉంటేనే చెయ్యి హాయిగా లేస్తుంది. నమ్మబుద్ధి కాదు, తెలుసు. నేనూ నమ్మలేదు. తమ్ముడి పెళ్లికి పట్టు జాకెట్ కుట్టుకుని, చెయ్యి లేవట్లేదని అర అంగుళం దించాను. చాల్లేదని ఇంకో అర. దించిన కొద్దీ బిగిసింది. చివరికి చంకలో అతుకు వేసుకుని వెళ్లాను. అక్షింతలు నడుం ఎత్తు నుంచే వేశాను, ఫొటోలో ఉంది.

తీరా చూస్తే చంకలో తప్పే లేదు. చేతులు కుడి ఎడమలు మార్చి కుట్టాను. చేతికి ముందు వైపు వంపు ఎక్కువ, వెనక తక్కువ. అవి తారుమారైతే ముందు గుడ్డ పోగుపడుతుంది, వెనక లాగుతుంది. విప్పి మార్చితే అరగంట పని. కాని అప్పటికే కత్తెర తన పని తాను చేసేసింది.

అందుకే ముడత కనబడగానే కత్తెర వెతక్కండి. ముందు చేతి కుట్టు మాత్రం విప్పి, జాకెట్ వేసుకుని చూడండి. పట్టు వదిలిందా, లోపం చేతిలోనే: కండ దగ్గర చుట్టుకొలత చాలలేదు, లేదా నాలాగా తిరగేశారు. వదల్లేదా, వీపు వెడల్పో భుజమో చూసుకోండి. ముడత రొమ్ము నుంచి చంక వైపు ఏటవాలుగా పోతుంటే డాట్, అంటే రొమ్ము దగ్గర ఒంపు కోసం గుడ్డ మడిచి వేసే కుట్టు, చాల్లేదేమో చూడండి. చంక నిజంగానే కొరుకుతుంటే పావు అంగుళం దించండి, నేను కాదనను. అంగుళమా? ఎవరికి, ఏనుగుకా?

ఆరోది చదివి నవ్వాను. ‘కచ్చా కుట్టు వేశాక ఆ జాకెట్‌తోనే ఒక పూట ఇంటి పని చేసుకోండి.’ పిన్సులు గుచ్చుకుని వంట చేయాలా అనుకున్నాను. మొన్న పాత కాటన్ చీర ముక్కతో ట్రయల్ జాకెట్ కుట్టి, అదే వేసుకుని దండెం మీద బట్టలు ఆరేశాను. అద్దం ముందు నిలబడితే అచ్చు గుద్దినట్టుంది. మూడో దుప్పటి ఆరేసేసరికి వెనక మెడ భుజం మీదికి జారింది. మెడ వెడల్పు ఎక్కువైందని అద్దం నాకెప్పుడూ చెప్పలేదు. ఈ ఒక్కటీ ఎవరు రాశారో గాని కుట్టినవాళ్లే రాశారు.

పిన్నీ, మిగతా ఐదూ తీసేసి ఇదొక్కటే మళ్లీ పంపు.